హన్మకొండలో పీనట్ బటర్: ఐదు వారాల డైరీ

ఫిబ్రవరి 1, ఆదివారం

మా తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. తెల్లారగట్ల ఐదింటికల్లా జేఎన్‌ఎస్ స్టేడియంకు పోయి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసి వస్తాడు. రాగానే రెండు చపాతీలకు పీనట్ బటర్ రాసుకుని తింటాడు. నెలకు కిలో డబ్బా అయిపోతుంది, నాలుగు వందల పైచిలుకు ఖర్చు. మొన్న ఖాళీ డబ్బా కడుగుతూ వెనక రాసి ఉన్నది చదివాను. పల్లీలు, చక్కెర, ఉప్పు, హైడ్రోజనేటెడ్ నూనె. మా మేనమామ పరకాల దగ్గర యాసంగిలో పల్లి వేస్తాడు. ఇంట్లో పల్లి పండుతుంటే దాని ముద్దను డబ్బాలో కొనుక్కోవడం నాకు మనసొప్పలేదు.

అందుకే ఈ పని మొదలుపెట్టాను. పల్లీలు, ఉప్పు, అంతే. దుకాణం దానంత మెత్తగా రావాలి, నెల రోజులు నిలవాలి. చేసిన ప్రతిసారీ కాటా పెట్టి, గడియారం చూసి రాసుకోవాలని నోట్‌బుక్ పక్కన పెట్టుకున్నాను.

ఉన్న సామాను: 750 వాట్ల మిక్సీ, అమ్మ ఇనుప మూకుడు, డిజిటల్ కాటా. బీట్‌బజార్‌లో రెండు కిలోల పల్లీలు తెచ్చాను.

ఇవాళ 500 గ్రాములు తీసుకున్నాను. పెద్ద మంట మీద ఏడు నిమిషాలు వేయించాను. పైన అక్కడక్కడ నల్ల మచ్చలు పడ్డాయి కాబట్టి వేగినట్టే అనుకున్నాను. పొట్టు తీసి పెద్ద జార్‌లో పోసి తిప్పాను. నిమిషంలో పొడి అయింది. రెండు నిమిషాలకు ఆ పొడి తడిసినట్టు రంగు మారి, అడుగున చక్కలా పట్టుకుంది. పైన బ్లేడు ఉత్తగా తిరుగుతోంది. వంటింట్లోకి వచ్చిన అమ్మ, "ఆపవే, నూనె దిగుతుంది, మోటర్ కాలిపోతది" అంది. ఆపేశాను.

ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సద్దుల బతుకమ్మకు పల్లి పొడి పట్టేటప్పుడు ప్రతి ఏడూ అమ్మ పక్కనే నిలబడి అదే అంటుంది. పొడి పొడిగానే ఉండాలి, ముద్ద కట్టిందంటే చెడిపోయినట్టే. నా చెయ్యి అక్కడ దానంతట అదే ఆగుతుంది.

ఆగిన తర్వాత ఇంకో తప్పు చేశాను. చట్నీ గట్టిగా ఉంటే చేసినట్టు రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ తిప్పాను. పలచబడుతుందనుకుంటే పూరీ పిండిలా బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంది. నోట్లో వేసుకుంటే లోపల పచ్చి వాసన.

సాయంత్రం అందులో ఎండుమిర్చి, చింతపండు వేసి అమ్మ చట్నీ చేసింది. మొదటి విడత ఇడ్లీలతో అయిపోయింది.

ఫిబ్రవరి 4, బుధవారం

మూడు రోజులుగా ఆ బిగుసుకుపోవడం గురించే చదువుతున్నాను. ఇప్పుడు అర్థమైంది. పల్లి గింజ బరువులో దాదాపు సగం నూనె. పావు వంతు దాకా మాంసకృత్తులు. ఆ నూనె గింజ లోపల కంటికి కనబడని చిన్న చిన్న గదుల్లో ఉంటుంది. మిక్సీ తిప్పేకొద్దీ ఆ గదులు పగిలి నూనె బయటికి వస్తుంది. మొదట్లో వచ్చే కొంచెం నూనె పొడిని ఒకదానికొకటి అతికిస్తుంది, అంతే. అందుకే ముద్ద. ఇంకా తిప్పితే ఇంకా గదులు పగిలి, ఆ ముద్ద మొత్తం నూనెలో తేలేంతగా నూనె వస్తుంది. అప్పుడు అది జారుతుంది.

అంటే అమ్మ నన్ను ఎప్పుడూ ఆపే చోటు సగం దారి. పొడికి అది హద్దు, బటర్‌కు అది మొదలు. దాన్ని దాటాలి.

నీళ్ల సంగతి కూడా తెలిసింది. నూనెలో తేలుతున్న ఆ మెత్తటి పొడిలో మాంసకృత్తులు, పిండి, చక్కెర ఉంటాయి. అవి నీళ్లు తగలగానే పీల్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పెద్ద గ్లాసుడు నీళ్లు పోస్తే చట్నీ అవుతుంది, రెండు చెంచాలు పోస్తే రాయి అవుతుంది. పైగా తడి చేరితే నిలవ ఉండదు. కాబట్టి జార్, మూత, గరిటె, సీసా అన్నీ పొడిగా ఉండాల్సిందే. తడి బట్టతో తుడిచి సరే అనుకోవద్దు, ఎండలో పెట్టాలి.

ఇంకో ముక్క చదివి సంతోషమేసింది. 1884లోనే కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన మార్సెలస్ ఎడ్సన్ అనే ఆయన వేయించిన పల్లీలను జారుడు ముద్దగా చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. వేయించడం, వేడి మీద నూరడం. అప్పుడైనా ఇప్పుడైనా పని అదే.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇవాళ వేయించడం మీదే సగం పూట పెట్టాను. దానికి ఆ విలువ ఉంది.

అమ్మ సలహా: ఉప్పులో వేయించు. బండి మీద పల్లీలు అమ్మేవాళ్లు ఇసుకలో వేయించినట్టే, మూకుడులో దొడ్డుప్పు పోసి కాగనిచ్చి అందులో పల్లీలు వేస్తే గింజ చుట్టూ వేడి ఒకేలా తగులుతుంది. అడుగున ఆనిన గింజ మాడడం, పైనున్నది పచ్చిగా ఉండడం ఉండదు. 500 గ్రాములను రెండు వాయలుగా వేశాను. మంట మధ్యస్థం కన్నా కొంచెం తక్కువ. గరిటె ఆపకుండా తిప్పుతూ ఒక్కో వాయకు 16 నిమిషాలు.

ఏడో నిమిషం వరకు ఏమీ కాదు. తర్వాత చిటపటలు మొదలవుతాయి, పొట్టు పగులుతుంది. పన్నెండో నిమిషం నుంచి నిమిషానికో గింజ తీసి రెండు బద్దలు చేసి చూశాను. పైరంగును నమ్మొద్దని పోయిన వారం తెలిసింది కదా, బద్ద లోపలి వైపు చూడాలి. పాల రంగు పోయి మీగడ రంగు, ఆ తర్వాత లేత గోధుమ రంగు. అక్కడ దించేయాలి. దించిన తర్వాత కూడా తన వేడికి తాను వేగుతూనే ఉంటుంది, అందుకే వెంటనే జల్లెడలో పోసి ఉప్పు రాల్చి పెద్ద పళ్లెంలో పరిచాను. పల్లిలో ఉన్న చక్కెరలూ మాంసకృత్తులూ ఆ వేడికి కలిసినప్పుడే మనం పల్లి వాసన అనేది పుడుతుంది. పచ్చి పల్లిని ఎంత మెత్తగా నూరినా ఆ వాసన రాదు.

గోరువెచ్చగా అయ్యాక నలిపి, వరండాలో చాటతో చెరిగాం. ఎర్ర పొట్టంతా గాలికి లేచి మెట్ల దాకా పోయింది. 500 గ్రాముల్లో చేతికి వచ్చింది 464 గ్రాములు. తడి కొంత, పొట్టు కొంత, ఏరి పడేసిన గింజలు కొన్ని పోయాయి.

పెద్ద జార్ వదిలేసి చట్నీ జార్ తీసుకున్నాను. తక్కువ సరుకైతే పెద్ద జార్‌లో బ్లేడుకు అందదు. సగం సగం చేసి 230 గ్రాములు పోశాను. నిమిషం తిప్పడం, రెండు నిమిషాలు ఆపి మూత తీసి గరిటెతో గోడలు గీకడం. గడియారం పెట్టుకుని రాసింది ఇది.

తిప్పుడు లెక్కన ఒక నిమిషానికి పొడి. రెండుకు చక్క. మూడోదానికి ముద్దంతా ఒక బంతి అయి జార్‌లో ఎగిరెగిరి పడింది. మిక్సీ ఒణుకుతోంది. అమ్మ నా వైపు చూసింది. నేను ఆపలేదు. ఐదో నిమిషం మధ్యలో శబ్దం మారింది. అప్పటిదాకా గరగరమన్నది ఒక్కసారిగా మెత్తబడి, బురదలో కాలు తీసినట్టు చప్పుడు చేసింది. మూత తీస్తే బంతి లేదు. కూలిపోయి, మెరుస్తూ, అడుగంతా పరుచుకుని ఉంది. ఏడుకు నడుమ చిన్న సుడి తిరిగింది. తొమ్మిదికి గరిటె ఎత్తితే తీగలా జారింది.

ఒక్క చుక్క నూనె పోయలేదు. ఒక్క చుక్క నీరు లేదు. అమ్మ వేలితో తీసి నాకి, "గిది పల్లేనా ఉత్త?" అంది. ఇద్దరం చాలాసేపు ఆ జార్ చుట్టూనే నిలబడ్డాం.

రెండో సగానికి మిక్సీ ఆగిపోయింది. భయపడ్డాను కానీ కాలిపోలేదు. మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, మోటర్ మీద భారం ఎక్కువైతే అదే బయటికి పడి కరెంటు ఆపుతుంది. ప్లగ్గు తీసి అరగంట చల్లారనిచ్చి, బటన్ లోపలికి నొక్కితే మళ్లీ నడిచింది. ఇక నుంచి రెండు వాయల మధ్య అరగంట విరామం.

ఉప్పు విషయం: 460 గ్రాములకు అర టీస్పూన్ వేశాను. నూనెలో ఉప్పు కరగదు, గింజ గింజగానే ఉండిపోతుంది. తమ్ముడికి పళ్ల కింద తగిలింది. వచ్చేసారి ఉప్పును ముందుగా పల్లి పొడితో పాటే మెత్తగా పట్టాలి.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. వేయిస్తంభాల గుడికి పోయి వచ్చేసరికి పదకొండైంది. ఉపవాసం కాబట్టి వంటింట్లో పని లేదు, సీసా తీసి చూశాను.

పైన వేలు మందం నూనె తేలింది. కింద గట్టిగా దిగిపోయింది, చెంచా దిగడం లేదు. తమ్ముడు వారమంతా పైనున్న జారుడు వరకే తీసుకుని తిన్నాడు, అందుకే కింద ఇంకా గట్టిపడింది.

ఇది పాడవడం కాదు. మెత్తటి పొడి బరువుకు కిందికి దిగుతుంది, నూనె పైకి వస్తుంది. దుకాణం డబ్బాలో ఇలా ఎందుకు కాదో ఇప్పుడు తెలిసింది, ఆ హైడ్రోజనేటెడ్ నూనె పని అదే. మామూలు వేడిలో గడ్డగా ఉండే కొవ్వును కొద్దిగా కలిపితే, అది సన్నటి పలుకులుగా మారి నూనెను ఎక్కడికక్కడ పట్టి ఉంచుతుంది. 1920ల మొదట్లో అమెరికాలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే ఆయన ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాకే పీనట్ బటర్ నెలల తరబడి షెల్ఫ్ మీద నిలబడే సరుకైంది. అక్కడి చట్టం ప్రకారం పీనట్ బటర్ అని రాయాలంటే 90 శాతం పల్లీలు ఉండాలి.

నాకు ఆ కొవ్వు వద్దు. నెలకు ఒక సీసా తినే ఇంటికి అది అవసరం లేదు. చేయాల్సిందల్లా సీసాను రెండు రోజులకోసారి తలకిందులు చేయడం, తీసే ముందు అడుగు దాకా కలపడం. వెడల్పు మూతి సీసా అయితే సులువు. ఆవకాయ సీసా ఒకటి ఖాళీ చేశాను. పైనూనెను వంపేయొద్దు, వంపేస్తే మిగిలింది సీసాలోనే గడ్డకడుతుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

మొన్నటి మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం ఇంకా ఇంట్లో ఉంది. మా వైపు సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని బంగారం అనే అంటాం. తమ్ముడు తియ్యగా కావాలన్నాడు. ప్రసాదంతో అయితే వాడు పొద్దున్నే తల్లుల పేరు తలుచుకుని తింటాడని నాకూ అనిపించింది.

బెల్లం తురిమి, జారుడుగా ఉన్న బటర్‌లో వేసి తిప్పాను. అర నిమిషంలో మిక్సీ మూలిగింది. మళ్లీ అదే గట్టి ముద్ద. బెల్లంలోనూ తడి ఉంటుందని, పైగా అది గాలిలో తడిని లాక్కుంటుందని ముందే ఆలోచించాల్సింది. తేనె వేసినా ఇంతే అవుతుంది.

ప్రసాదం వృథా కాకూడదు. అమ్మ ఆ ముద్దను చేతిలోకి తీసుకుని, యాలకుల పొడి చల్లి ఉండలు చుట్టింది. బటర్ కలిసింది కదా, మామూలు పల్లి ఉండల కన్నా మెత్తగా, నోట్లో వేస్తే కరిగేలా వచ్చాయి. 14 ఉండలు. కింది ఇంటి పిల్లలకు నాలుగు ఇచ్చాం. తమ్ముడు పరుగుకు ముందు ఒకటి తింటున్నాడు. బటర్ డైరీలో ఇది వైఫల్యం, కానీ ఇంట్లో అందరూ మళ్లీ చేయమంటున్నారు.

తీపి కావాలంటే సీసాలో కలపకుండా, చపాతీ మీద బటర్ రాశాక పైన బెల్లం తురుము చల్లుకోవాలి.

ఫిబ్రవరి 22, ఆదివారం

మామ వచ్చాడు. రెండు బస్తాల పల్లికాయ తెచ్చాడు. మిగతా పంట ఎనుమాముల మార్కెట్‌కు పోతుందట. కాయ కొట్టి చూశాం, కిలో కాయకు 700 గ్రాముల దాకా గింజ వచ్చింది.

ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఈ పనిలో నాకు అన్నింటికన్నా ముఖ్యం అనిపించింది ఇదే.

ఒక బస్తా అడుగు భాగం చెమ్మగా ఉంది. ట్రాలీలో తడి చోట పెట్టినట్టున్నారు. ఆ కాయలు కొడితే లోపల గింజల మీద ఆకుపచ్చ బూజు, దుమ్ము చల్లినట్టు. కొన్ని ముడతలు పడి రంగు మారాయి. అమ్మ, "ఎండబోసి వేయిస్తే అయిపోతది, పారేస్తే పాపం" అంది. అమ్మ మాట కాదనడం నాకు కష్టం. చేనులో మామ పడ్డ కష్టం కూడా నాకు తెలుసు. అయినా వద్దన్నాను.

పల్లికి పట్టే ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయానికి చేటు చేసేది, క్యాన్సర్ తెచ్చేది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటికి పెట్టిన దాణాలోని పల్లి చెక్కలో తేలింది. ఆ విషానికి పేరు పడింది ఆ తర్వాతే. వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పైగా బటర్‌లో ఒక చెడ్డ గింజ వంద మంచి గింజలతో కలిసి రుబ్బుకుపోతుంది, ఇక దాన్ని ఏరి తీయలేం. విడిగా తింటే చేదు తగిలి ఉమ్మేస్తాం, ముద్దలో ఆ చేదు కూడా తెలియకపోవచ్చు.

మామకు ఇదంతా చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు గూడ గిదే చెప్తరు, కాయ మంచిగ ఎండినంకనే బస్తాల పోయాలె అని" అన్నాడు. ఇక్రిశాట్ అంటే అక్కడున్న పంటల పరిశోధన సంస్థ. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగల మోగాలి, అదీ ఆయన లెక్క. బూజు పట్టినవి గొడ్లకు కూడా వేయొద్దని ఆయనే పక్కకు తీసి గుంతలో పూడ్చాడు.

ఆయన వేసేది కదిరి-6. రైతులు కె-6 అంటారు. నూనెలోని కొవ్వుల్లో ఒలీక్ ఆమ్లం అనే రకం దాదాపు 80 శాతం ఉండే గిర్నార్-4, గిర్నార్-5 రకాలు కూడా వచ్చాయని, వాటి నూనె త్వరగా కనరు ఎక్కదని నేను చదివింది చెప్పాను. విత్తనం దొరికితే ఒక మడి వేసి చూస్తానన్నాడు. దొరికితే రెండు రకాలతో రెండు సీసాలు పట్టి, ఎండాకాలంలో ఏది ముందు కనరు వాసన కొడుతుందో చూడాలి.

ఏరడానికి ముగ్గురం కూర్చుంటే ఐదు కిలోలకు గంటన్నర పట్టింది. ముడత, మచ్చ, బద్ద విరిగి రంగు మారినవి, మొలక వచ్చినవి అన్నీ బయటికి. వేయించాక పొట్టు పోయిన తర్వాత ఇంకోసారి ఏరాలి. అప్పుడు దాక్కున్నవి బయటపడతాయి.

మార్చి 1, ఆదివారం

గ్రైండర్‌తో ప్రయత్నం. మిక్సీ బటర్ నాలుక మీద ఇంకా సన్నటి ఇసుకలా తగులుతోంది. ఇడ్లీ పిండి రుబ్బే టేబుల్‌టాప్ గ్రైండర్‌లో రాయి మీద రాయి నలుపుతుంది కాబట్టి ఇంకా మెత్తగా రావాలి.

గిన్నె, రాళ్లు నిన్నంతా డాబా మీద ఎండలో పెట్టాను. రాయి పైకి పొడిగా కనబడినా రాళ్ల ఇరుసు దగ్గర తడి దాగి ఉంటుంది, అక్కడ గుడ్డ దూర్చి తీశాను.

గింజలు నేరుగా వేస్తే రాళ్లు ఎగురుతాయి. అందుకని ముందు మిక్సీలో ముద్ద దాకా తిప్పి, ఆ ముద్దను గ్రైండర్ తిరుగుతుండగా పిడికెడు పిడికెడు వేశాను. మొదటి రెండు పిడికిళ్లకే రాళ్లు బిగుసుకుని బెల్టు జారింది. ఆపి, పోయిన విడత సీసాలో మిగిలిన నాలుగు చెంచాల జారుడు బటర్ రాళ్ల కింద వేసి మళ్లీ తిప్పాను. ఇక ఆగలేదు. పెరుగుకు తోడు వేసినట్టే, పాతది కొంచెం ఉంటే కొత్తది లొంగుతుంది. కిలో మొత్తం వేయడానికి 20 నిమిషాలు, ఆ తర్వాత 35 నిమిషాలు తిప్పాను. ఉప్పును మెత్తగా పొడి చేసి మధ్యలో వేశాను.

చివరికి వచ్చినదాన్ని ఎలా చెప్పాలి. గరిటె నుంచి మడతలు మడతలుగా జారి, మడత వెంటనే కలిసిపోతోంది. వేలు వేలుకు రాస్తే పలుకు లేదు. రంగు మీగడ కలిసిన తేనెలా. ఇల్లంతా వేయించిన పల్లి వాసన, మెట్లు ఎక్కేవాళ్లు ఆగి అడిగారు. 1000 గ్రాములు వేస్తే సీసాల్లోకి 955 వచ్చింది, మిగతాది రాళ్లకు పట్టుకుంది.

ఆ పట్టుకున్నది ఊరికే పోనివ్వలేదు. రెండు పిడికిళ్ల శనగపిండి వేసి తిప్పితే జిడ్డంతా లాగేసింది. ఆ పిండితో అమ్మ రాత్రికి గుత్తి వంకాయలోకి మసాలా కలిపింది. తర్వాత వేడినీళ్లతో గ్రైండర్ కడగడం సులువైంది.

మార్చి 8, ఆదివారం

గ్రైండర్ బటర్ వారం నిలిచాక: పైన నూనె పొర ఉంది కానీ గోరు మందమే. ఎంత మెత్తగా ఉంటే పొడి అంత నిదానంగా దిగుతుంది. అడుగు కూడా చెంచాకు లొంగుతోంది.

లెక్క: రెండు టేబుల్ స్పూన్లు, అంటే 32 గ్రాముల్లో 7, 8 గ్రాముల ప్రొటీన్, 190 కేలరీల దాకా. తమ్ముడికి పొద్దున ఇంతే పెట్టుకోమన్నాను, నూనె కూడా సగం ఉంటుంది మరి. బీట్‌బజార్ పల్లీలు నాకు కిలో 150 పడ్డాయి. తరుగు, గ్యాసు, కరెంటు కలిపినా కిలో బటర్ 190 దాటలేదు. మామ పల్లీలైతే ఆ లెక్క కూడా లేదు.

ఎండలు ముదురుతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మా వంటింట్లో వేడికి నూనె త్వరగా కనరెక్కుతుంది. అందుకే ఇప్పటి నుంచి ఒక సీసా బయట, మిగతావి ఫ్రిజ్‌లో. ఫ్రిజ్‌లోది తీసిన వెంటనే గట్టిగా ఉంటుంది, పది నిమిషాలు బయట పెడితే చాలు.

అమ్మ నిన్న తనంతట తానే మిక్సీ తిప్పింది. నేను స్నానానికి పోయి వచ్చేసరికి బంతి దశలో ఉంది. ఆమె ఆపలేదు. నన్ను చూసి చెయ్యి తీయకుండానే, "ఉండు, ఇంక గిప్పుడే నూనె దిగుతుంది" అంది.

రేపు గ్రైండర్ రాళ్లు ఎండలో పెట్టాలి. రెండో బస్తా ఏరడం ఇంకా సగం మిగిలే ఉంది. అమ్మ వరండాలో చాట ముందు పెట్టుకుని కూర్చుంది, నేనూ పోతున్నాను.